‘చలువ ఆధారం’ అనే గడి

గాలి ఆగి 4వ రోజు
ఉదయం 24. మధ్యాహ్నం 25. సాయంత్రం 25.
చలువ ఆధారం: మట్టి కుండ.

ఈ రిజిస్టరు ఆరోగ్య కేంద్రం నర్సు రజియా ఇచ్చింది. రోజుకు మూడుసార్లు కుండలోని వేడి కొలిచే మీటరు చూసి అంకె రాయాలి. పక్క గడిలో దేనితో చల్లబరుస్తున్నామో రాయాలి. అంతే పని. చివర్న ‘ఇతర విషయాలు’ అని ఒక వెడల్పాటి గడి ఉంది. దాన్ని ఎవరూ నింపరట. నేను నింపుతాను. నాకు చెప్పుకోవడానికి చాలా ఉంది, వినడానికే ఇంట్లో మనిషి లేడు. మా ఆయన తిప్పేస్వామి గాలిమరల రెక్కలకు నూనె పెట్టడానికి గుట్ట ఎక్కాడు. మళ్లీ గాలి వచ్చేదాకా దిగడు.

సంగతేమిటంటే, మా అత్త ఈరమ్మకు చక్కెర జబ్బని మొన్న తేలింది. పూటకొక సూది. మందు సీసా ఒక్కటే, ముప్పై రోజులు వస్తుంది. మందు ఇరవై ఆరు డిగ్రీలు దాటకూడదు. దాటిందంటే మూత మీద తెల్ల చుక్క ఎర్రబడుతుంది, ఇక పారబోయాల్సిందే. బయట నలభై మూడు.

"ఇంట్లో ఫ్రిజ్ ఉందా అక్కా?" అని అడిగింది రజియా.

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఉండేదమ్మా తల్లీ, పోయిన పచ్చ జాతర దాకా ఉండేది.

మా మరలగుట్టలో ఈ గాలి లేని నెల చివర్న ఏటా పచ్చ జాతర చేస్తారు. అందరూ నడిచే పోవాలి, ఎవరి పళ్లెం, ఎవరి లోటా వాళ్లే తీసుకుపోవాలి. సాయంత్రం ఇంటికొకరు వేదిక ఎక్కి, ఇకనుంచి ఏ వస్తువు లేకుండా బతుకుతామో ఊరందరి ముందూ చెప్పాలి. దాన్ని విడుపు అంటారు. పోయినేడు ఎదురింటి సాలమ్మ మిక్సీ విడిచింది. చప్పట్లు మోగాయి. సాలమ్మకు పడిన చప్పట్లు మా అత్త చెవిలో ముల్లులా దిగాయి. నన్నొక మాటైనా అడగకుండా చీర కుచ్చిళ్లు పట్టుకుని పరుగున వేదిక ఎక్కి, "మేము ఫ్రిజ్ ఇడుస్తాండాం!" అని అరిచింది. సాలమ్మ ఊరుకుంటుందా? రెండోసారి ఎక్కి తన ఫ్రిజ్ కూడా విడిచింది. ఆ తర్వాత మా వీధిలో మిగతా తొమ్మిది ఇళ్లవాళ్లూ వరసగా ఎక్కారు. ఒకరు ఇచ్చి ఇంకొకరు ఇవ్వకపోతే తలెత్తుకోలేరు కదా!

నేను పనిచేసేది ఊరి మరమ్మతు అరుగులో. ఆ పదకొండు ఫ్రిజ్‌లూ నా దగ్గరికే వచ్చాయి. నా చేతులతోనే విప్పాను. పెట్టెలు గింజలు పోసుకోవడానికి పోయాయి, రాగి గొట్టాలూ మోటార్లూ తలుపులూ గోదాములో ఉన్నాయి. విడిచింది ఏదైనా ఊరి సొత్తు. మళ్లీ కావాలంటే జాతరలో వేదిక ఎక్కి అడగాలి. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. జాతరకు ఇంకా పదిహేడు రోజులుంది.

అందుకని పెద్ద కుండలో ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దించి, అందులో సీసా పెట్టాను. ఇసుక తడిగా ఉంటే లోపల చల్లగా ఉంటుంది. పైన తడి గోనె. కుండను వసారాలో నీడకు పెట్టాను. మీటరు నేను బాగుచేసిందే, అరగంటకొకసారి తనంతట తనే గుర్తు వేసుకుంటుంది. దాని ముందు అబద్ధాలు నడవవు.

గాలి ఆగి 7వ రోజు
ఉదయం 24. మధ్యాహ్నం 25.5. సాయంత్రం 25.
చలువ ఆధారం: మట్టి కుండ.

గాలి లేక పంపులు తిరగడం లేదు; నిల్వ ఉన్న కరెంటు ఇళ్లలో ఫ్యాన్లకే చాలుతోంది. నీళ్లు ఇంటికి రెండు కడవలకు, ఒంటరివాళ్లకు ఒక్క కడవకు తగ్గించారు. ఒక కడవ తాగడానికీ వంటకూ. రెండో దాంట్లో సగం కుండకే పోతోంది. మిగిలిన దాంతో స్నానం అనిపించుకుంటున్నాను. గాలి ఆడకపోతే తడి ఇసుక కూడా సరిగా చల్లబడదు. పైగా ఎండ రోజురోజుకూ ముదురుతోంది.

ఈ పూట అత్తతో గట్టిగానే అన్నాను, సాలమ్మ వాళ్లకు చెబుదాం, తలా ఒక చెంబు నీళ్లు అడుగుదాం అని.

"ఏమ్మే హంపమ్మా, నా పరువు తీస్తావా?" అంది. "ఊరందరి ముందర చప్పట్లు కొట్టిచ్చుకుంటి. ఇప్పుడు ఆ సాలమ్మ ముందర చేయి సాపాల్నా? నాకు జబ్బుండాదని కూడా ఎవరికీ సెప్పొద్దు. ఒట్టేయ్."

"మందు చెడిపోతే ఏం చేస్తావత్తా?"

"చెడదు. నువ్వు మిషిన్లు బాగుజేసేదానివి, ఒక కుండను సూసుకోలేవా?"

ఒట్టు వేశాను. వేయకపోతే సూది వేయించుకోనని మొండికేసింది. డెబ్బై ఒకటేళ్ల మనిషి, మొండితనానికి మాత్రం ఏడేళ్లు కూడా నిండలేదు.

గాలి ఆగి 11వ రోజు
ఉదయం 25. మధ్యాహ్నం 31. సాయంత్రం 29.
చలువ ఆధారం: మట్టి కుండ. ఎండిపోయింది.

చుక్క ఎర్రగా మారింది.

పనికి పోతూ మధ్యాహ్నం పోయడానికని నిండు చెంబు పక్కన పెట్టి, వందసార్లు చెప్పి పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే ఇసుక వేయించిన రవ్వలా ఉంది. చెంబు ఖాళీ. అత్త గుమ్మంలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. ముఖం చిన్నబోయి ఉంది.

"నీళ్లేమయ్యాయత్తా?"

ఆమె వాకిట్లో మట్టి మూకుడు వైపు చూసింది. మూడేళ్ల కిందట జాతరలో, ‘మా వాకిట్లో పక్షుల మూకుడు ఎప్పుడూ ఎండనివ్వం’ అని మాటిచ్చింది కూడా ఈమే.

"పిచ్చికలమ్మే," అంది చివరికి. "నాలుగొచ్చినాయి. నోళ్లు తెరుచుకోనుండాయి. మూకుట్లో సుక్క లేదు. ఇసకకు పోసే నీళ్లు వాటికి పోస్తే పుణ్యమని... కుండ ఒక్క పూటకు ఏం కాదులే అనుకుంటి."

నాకు అరవాలనిపించింది, అరిచాను కూడా. పిచ్చుకల ముందర నీ ప్రాణం లెక్క లేదా అన్నాను. చప్పట్ల పిచ్చి అన్నాను. అనకూడని మాట ఇంకొకటి కూడా అన్నాను, అది ఇక్కడ రాయను. ఆమె తల వంచుకుని విన్నది. మా పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మా అత్త తల వంచుకుని నా మాట వినడం ఇదే మొదటిసారి. అది చూశాక నా కోపం దిగి భయం పట్టుకుంది.

గాలి ఆగి 12వ రోజు
ఉదయం 24. మధ్యాహ్నం 26. సాయంత్రం 25.5.
చలువ ఆధారం: మట్టి కుండ.

తెల్లవారుతూనే రెండు కోసుల దూరం నడిచి రజియా దగ్గరికి పోయాను. ఆమె తిట్టలేదు. ఆరోగ్య కేంద్రం చలువ పెట్టె పాముకాటు మందుతో, పిల్లల టీకాలతో కిక్కిరిసి ఉంది. అందులోనే ఒక మూల నుంచి సీసా తీసిచ్చింది.

"అక్కా, ఇదే ఆఖరిది. మందుల బండి వచ్చే నెలకు గానీ రాదు. ఇది కూడా చెడితే పెద్దమ్మకు ఏం ఇవ్వాలో నాకు తెలీదు," అంది. రజియా మెత్తటి మనిషి. ఆమె నోట అంత సూటిగా విన్నాక సీసాను తడిగుడ్డలో చుట్టి కొంగులో దాచుకున్నాను.

తిరిగొస్తూ నేరుగా గోదాముకు పోయాను. తాళం నా కొంగుకే ఉంది. లోపల మోటార్లు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని మీద ఇంటి పేరు సున్నంతో రాసి ఉంది. రాసింది నేనే. మా మోటారు మూడో వరసలో ఉంది. దాని మీద చేయి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. ఎవరూ అడగరు. ఎవరికీ తెలియదు. కానీ తాళం నాకిచ్చింది నేను తీసుకోననే నమ్మకంతోనే కదా. పైగా తెచ్చి ఇంట్లో పెడితే మా అత్త అన్నం మానేస్తుంది. చేయి తీసి బయటికొచ్చి తాళం వేశాను. వేసినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటున్నాను.

మధ్యాహ్నం 26. ఇంకొక్క గీత పెరిగితే పోయేదే.

గాలి ఆగి 15వ రోజు
ఉదయం 23. మధ్యాహ్నం 23.5. సాయంత్రం 23.
చలువ ఆధారం: మట్టి కుండ?

ఈ అంకెలు కుదరవు. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. ఎండ పెరుగుతోంది, గాలి ఆకును కూడా కదపడం లేదు, కుండ మాత్రం మంచు ముద్దలా ఉంది. మీటరు పాడైందేమోనని విప్పి చూశాను, బాగానే ఉంది. అది వేసుకున్న గుర్తులు చూస్తే పదకొండు గంటలకు ఒకసారి, పన్నెండున్నరకు ఒకసారి, రెండింటికి, మూడింటికి చటుక్కున దిగుతోంది. ఎవరో నీళ్లు పోస్తే తప్ప అట్లా దిగదు.

"నువ్వు పోస్తున్నావా అత్తా?"

"నేనే. ఇంకెవురు పోస్తారు?"

ఆమె కళ్లు నా వైపు లేవు. మా కడవలో నీళ్లు కూడా పొద్దున నేను చూసిపోయిన గీత దగ్గరే ఉన్నాయి.

గాలి ఆగి 17వ రోజు
ఉదయం 23. మధ్యాహ్నం 23. సాయంత్రం 23.
చలువ ఆధారం: ఈ గడిలో ఏం రాయాలో నాకు తెలియడం లేదు.

ఈ రోజు పనికి పోతున్నట్టు బయల్దేరి, వెనక గుమ్మంలోంచి లోపలికొచ్చి వంటింటి తలుపు చాటున కూర్చున్నాను. అత్త వసారా మంచం మీద గురక పెడుతోంది.

పదకొండింటికి సాలమ్మ వచ్చింది. చెప్పులు వీధిలోనే విడిచి, కొంగు కింద చెంబు దాచుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. కుండ దగ్గర గొంతుక్కూర్చుని ఇసుక చుట్టూ సన్నటి ధారగా నీళ్లు పోసింది. చేతి వెనకవైపుతో కుండను తాకి చూసింది. గోనె సరిచేసింది. మా అత్త ముఖం వైపు ఒకసారి చూసి పోయింది.

పన్నెండున్నరకు మూలింటి చెన్నకేశవులు మాస్టారు. ఆయన చెంబు చిన్నది, ఒంటరి మనిషికి వాటా కూడా ఒక్క కడవే. రెండింటికి పక్కింటి పెద్దక్క. మూడింటికి ఇంకొకరు. ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. ఒకరు వాకిలి దాటిపోయాకే ఇంకొకరు వచ్చారు.

నేను తలుపు వెనక నోట్లో కొంగు కుక్కుకుని కూర్చున్నాను. ఏడిస్తే వినపడుతుందని భయం. రెండు కడవల నీళ్లతో నెట్టుకొచ్చే ఇళ్లు. అందులోంచి చెంబు తీయడమంటే ఆ పూట ఎవరో స్నానం మానుకున్నట్టే. ఈ వీధిలో ఇరవై రెండేళ్లుగా ఉంటూ వీళ్లను ఎంత తక్కువగా చూశాను! జాతరకు పచ్చ చీర కట్టుకుని పోయే చప్పట్ల గుంపు అని నేను వెక్కిరించింది వీళ్లనే.

ఇంకొక విషయం. గుమ్మంలో అడుగు వినపడిన ప్రతిసారీ మా అత్త గురక పెద్దదైంది. మనిషి పోగానే ఆగిపోయింది.

గాలి ఆగి 18వ రోజు
ఉదయం 23. మధ్యాహ్నం 23.5. సాయంత్రం 23.
చలువ ఆధారం: రేపు రాస్తాను.

పొద్దున సాలమ్మను నీళ్ల దగ్గర పట్టుకున్నాను. కడవ ఎత్తుతుంటే చేయి పట్టుకుని, "సాలమ్మత్తా, నేను చూశాను," అన్నాను.

"ఏం సూసినావు? నువ్వేమీ సూల్లేదు," అంది ఆమె చుట్టూ చూసి. "మా ఆయన ఉన్నప్పుడు ఆయన మందు గూడా ఇట్లే కుండలో పెట్టుకుంటి. ఇసక కుండ సూస్తానే నాకు తెలిసిపాయ. వదిన ఎవురికీ సెప్పుకోదని గూడా తెలుసు. అందుకే వీధిలో, ‘ఈరమ్మ కుండకు దినామూ ఒక చెంబు’ అని మాత్రం అంటి. యాలని ఎవురూ అడగల్యా. పదిండ్లు, మూడు దినాలకొగ తూరి వంతు. ఏం బరువని?"

"మీకూ మా అత్తకూ ఎప్పుడూ పడదు కదా!"

"పడకపోతే? ఆమె లేకపోతే నేను జాతరలో ఎవురితో పోటీ పడల్ల?" అని కడవ ఎత్తుకుని పోయింది.

ఇంటికొచ్చి అత్త పక్కన కూర్చున్నాను. గురక సంగతి అడిగాను. విసనకర్ర ఆడిస్తూనే ఉంది.

"కండ్లు తెరిస్తే వాళ్లు సిగ్గుపడతారమ్మే," అంది. "నేనూ సిగ్గుపడాల. అందుకని మూసుకుంటి." విసనకర్ర పక్కన పెట్టి, "పిచ్చికలకు పోసిన నీళ్లు పది సెంబులై తిరిగొచ్చినాయి సూడు," అంది. నేను ఒప్పుకోలేదు. పిచ్చుకలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఇది మనుషులు చేసిన పని అన్నాను. ఆమె నవ్వింది. పదకొండో రోజు తర్వాత మా అత్త నవ్వడం ఇదే మొదలు. నేను ఆ రోజు అన్న మాటకు క్షమాపణ అడిగాను. "యా మాట?" అంది. ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుందని నాకు తెలుసు.

గాలి ఆగి 21వ రోజు, పచ్చ జాతర
ఉదయం 23. మధ్యాహ్నం 24. సాయంత్రం 23.5.
చలువ ఆధారం: కింద చూడండి.

ఎప్పుడూ నేను జాతరలో మరమ్మతు బల్ల దగ్గర కూర్చుని, తెగిన చెప్పులూ ఊడిన గొడుగులూ బాగుచేస్తూ వేదిక వైపు వీపు పెట్టుకుంటాను. ఈసారి బల్లను తిప్పి వేసుకున్నాను.

అత్తను నడిపించడం కష్టమైంది. దారిలో నాలుగుచోట్ల కూర్చుంది. వేదిక ఎక్కేటప్పుడు నేను చేయి పట్టుకుంటే విదిలించుకుంది. ఊరంతా చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకుంది, ఈరమ్మ ఈ ఏడు ఏం విడుస్తుందోనని.

"ఈ తూరి నేను ఇడిసేదేమీ లేదు," అంది అత్త. "ఎనక్కి అడగను వచ్చినా. పోయినేడు ఫ్రిజ్ ఇడిసినా కదా, అది భూమి కోసం కాదు. సాలమ్మకు పడిన చప్పట్లు సూసి ఇడిసినా. ఇప్పుడు నాకు జబ్బు. మందుకు సలవ కావాల. నా పాపానికి వీధంతా దినామూ నీళ్లు మోస్తాండాది."

ఒక్క చప్పుడు లేదు. ఎవరైనా నవ్వితే ఆమె ఇక ఈ ఊళ్లో తలెత్తదు, మందు కూడా ముట్టదు.

అప్పుడు సాలమ్మ లేచింది. వేదిక కూడా ఎక్కలేదు, ఉన్నచోటు నుంచే అందుకుంది.

"వదిన ఇడిసిందని నేనూ ఇడిసినా! ఏడాదిగా నా మజ్జిగ పులిసి పులిసి నాలిక మొద్దుబారింది. ఎవురికి సెప్పుకోవల్ల? ఇంటికొగటి వద్దు, వీధికొగటి పెట్టిచ్చండి. నడిసేదానికి మా ఇంటి ఫ్యాను దినానికి అరగంట ఆపుతా."

జనం ఘొల్లున నవ్వారు. "మాదీ అరగంట!" అన్నాడు చెన్నకేశవులు మాస్టారు. పెద్దక్క గంట అంది. సాలమ్మ వెంటనే తనది గంటన్నర చేసింది. ఇక చూసుకోండి, పది ఇళ్లూ పోటీ మొదలుపెట్టాయి. మా వీధి మారదు. మారకపోవడం ఇంత బాగుంటుందని నాకు తెలియదు. జాతర పెద్దలు గోదాములోంచి ఒక ఫ్రిజ్‌కు సరిపడా సామాను తీసుకొమ్మని చెప్పారు. కొందరు ముందు వరసలవాళ్లు ముఖం ముడుచుకున్నారు, విడిచింది వెనక్కిస్తే రేపు అందరూ అడుగుతారని. అడగనివ్వండి. అవసరం ఉన్నవాళ్లు అడగడానికి ఒక చోటు ఉండాలి.

తర్వాత నన్ను తోశారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఎక్కాను. నా విడుపు ఏమిటని అడిగారు.

"ఈ జాతరను వెక్కిరించడం విడుస్తున్నాను," అన్నాను. మా అత్త ముఖం చూసి, "నెలకొక రోజు తప్ప," అని కలిపాను. చప్పట్లు పడ్డాయి. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. చప్పట్ల విషయంలో మా అత్తను ఇంకెప్పుడూ తప్పుపట్టను.

గాలి వచ్చి 2వ రోజు
ఉదయం 6. మధ్యాహ్నం 6. సాయంత్రం 6.

ఫ్రిజ్‌కు ఐదు రోజులు పట్టింది. మా మోటారు పట్టేసి ఉంది, మాస్టారి మోటారు బిగించాను. తలుపు సాలమ్మది, రబ్బరు పెద్దక్కది, అరలు తలా ఒకరివి. రంగులు ఎక్కడా కలవలేదు. సున్నంతో రాసిన ఇంటి పేర్లు అట్లాగే ఉంచాను. మా వసారాలో పెట్టమని సాలమ్మే పట్టుబట్టింది. లోపల ఒక అర మందుకు, మిగతావి వీధికి, అందులో సగం సాలమ్మ మజ్జిగకే. నిన్న పొద్దున మరలు తిరిగాయి. సాయంత్రానికి తిప్పేస్వామి మసి ముఖంతో దిగివచ్చి, వసారాలో రంగురంగుల పెట్టెనూ దాని ముందు మజ్జిగ కోసం నిలబడ్డ జనాన్నీ చూసి, ఇల్లు తప్పానేమోనని వెనక్కి తిరగబోయాడు.

ఈ రోజు రజియా రిజిస్టరు చూడటానికి వచ్చింది. అంకెలన్నీ చూసి సంతోషించింది. పేజీలు తిప్పుతూ ‘చలువ ఆధారం’ గడి దగ్గర ఆగింది. పదిహేను నుంచి ఇరవై ఒకటో రోజు దాకా సగం సగం రాసి వదిలేసినవి నిన్న కూర్చుని నింపాను. ఏ రోజుకు ఎవరి వంతో సాలమ్మను అడిగి రాసుకున్నాను.

"అక్కా, ఈ గడిలో వస్తువు పేరు రాయాలి. కుండ, ఐసు, ఫ్రిజ్, ఇట్లా," అంది. "ఇవి మనుషుల పేర్లు కదా. పైన ఆఫీసులో ఒప్పుకోరు. కొట్టేసి ‘కుండ’ అని రాయి."

ఇన్నేళ్లూ ఎవరు ఏం తప్పు రాసినా సరిదిద్దడమే నా పని. కలం తీసుకున్నాను. మంచం మీద నుంచి మా అత్త నన్నే చూస్తోంది. ఈసారి కళ్లు తెరిచే ఉంది.

నేను ఏదీ కొట్టేయలేదు. ఈ రోజు గడి ఒక్కటే ఖాళీగా ఉంటే అదీ రజియా ఎదురుగానే నింపాను.

చలువ ఆధారం: సాలమ్మ, చెన్నకేశవులు మాస్టారు, పెద్దక్క, ఇంకా ఏడు ఇళ్లు. ఫ్రిజ్ కూడా ఉంది.